లోపలి బంతి

పోయిన శనివారం నది కింద టన్నెల్ దాటి అమెరికాలో, డెట్రాయిట్ వైపు తేలేసరికి, బార్డర్ బూత్‌లో చాలా నెలలకి మళ్ళీ కనబడ్డ పాత ఆఫీసరు నా పాస్‌పోర్టు అందుకోకుండానే వంగి పక్క సీటులోకి చూశాడు.

"బేస్‌బాల్ ఆవిడ రాలేదా?" అన్నాడు.

చలికాలంలో పోయిందని చెప్పాను. అతను అయ్యో అన్నాడు. ఆ తర్వాత కొంచెం మొహమాటపడుతూ, "నిజంగానే ఆడేదా, మమ్మల్ని ఆటపట్టించడానికి అలా అనేదా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. వారం వారం ఆవిడ చెప్పిన నిజాన్ని ఈ మనిషి జోక్ అనుకుని నవ్వి పంపించాడన్నమాట. వెనక కార్లు బారు కట్టి ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు. "జీతం తీసుకుని ఆడింది" అని మాత్రం చెప్పి, మన సరుకుల కొట్టు దారి పట్టాను. కందిపప్పు, గోంగూర కొంటున్నంతసేపూ ఆవిడే కళ్ళముందు ఉంది.

ఆవిడ కెనడా వైపు విండ్సర్‌లో మా పక్కింటావిడ. తొంభై దాటిన మనిషి. ఎక్కడ పుట్టింది, ఎవరిని చేసుకుంది, ఆయన ఎలా పోయాడు వగైరాలు ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేసిందని మాత్రం తెలుసు. అదీ ఎలా తెలిసిందంటే, మా ఆయన కొత్త కారు కొని చూపించడానికి పిలిచినప్పుడు, తలుపు తీసి సీటు కుట్టు వేలితో తడిమి, "సోమవారం పొద్దున నిద్రమత్తులో కుట్టినట్టుంది" అని పెదవి విరిచింది. మా ఆయన మొహం అప్పుడు చూడాలి.

నాకు బాగా గుర్తున్నవి ఆవిడ చేతులు. మనిషి పొడుగు, బక్కపలచన. కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి జారి ఉండేది. వేళ్ళు మాత్రం ఆ వంటికీ వాటికీ సంబంధం లేనట్టు పొడుగ్గా, గట్టిగా ఉండేవి. గుండ్రటి వస్తువు ఏది చేతికిచ్చినా ఆ వేళ్ళు వాటంతట అవే దాని చుట్టూ సర్దుకునేవి. బంగాళాదుంప, నారింజ, ఉల్లిపాయ, ఏదైనా సరే.

దసరాకి సున్నుండలు చేసి ఒక డబ్బాలో పట్టుకెళ్ళి ఇచ్చాను. ఒకటి తీసి అందరిలా నోట్లో పెట్టుకోలేదు. మూడు వేళ్ళ మధ్య పెట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ దేనికోసమో వెతికింది. నెయ్యి తక్కువైందేమో, ఎక్కడైనా పగులు కనబడిందేమో అని నాకు లోపల బెదురు.

"ఏం చూస్తున్నారు ఆంటీ?"

"కుట్టు. దీనికి కుట్టు లేదే. పట్టు దొరకదు" అంది. అప్పుడు కొరికి, కళ్ళు మూసుకుని, ఇంకోటి తీసుకుంది.

ఈ ఆంటీ అన్న పిలుపు మీద మొదట్లో కొంత విచారణ జరిగింది. నేను అలా పిలిచిన మొదటిరోజు ఆవిడ ఆగి, "అంటే నువ్వు నాకు మేనకోడలివా?" అని సీరియస్‌గా అడిగింది. మా వాళ్ళందరూ పెద్దవాళ్ళని అలాగే అంటారని చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. "సరే, నాకిప్పుడు ఇండియాలో ఒక తోబుట్టువు ఉన్నారన్నమాట" అని తేల్చేసి, ఆ రోజునుంచి ఎవరడిగినా నన్ను మేనకోడలనే చెప్పేది. అవతలివాళ్ళు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉండేవాళ్ళు.

మా ఆయన ఆదివారాలు తెలుగువాళ్ళ క్రికెట్ టీములో ఆడతాడు. ఆడతాడన్నది ఆయన మాట, నేనైతే నించుంటాడంటాను. ప్రాక్టీసు అని చెప్పి గరాజ్ తలుపుకేసి టెన్నిస్ బంతి కొడుతుంటే అది తరచూ కంచె దాటి ఆవిడ టమాటా మొక్కల్లో పడేది. ఆ కంచె నడుమెత్తు కూడా ఉండదు. ఇంకెవరైనా అయితే అక్కడినుంచే విసిరేస్తారు. ఆవిడ బంతి తీసుకుని, ఇల్లు చుట్టి వీధిలోకి వచ్చి, మా ఇంటి ముందునుంచి నడిచి వెనక్కి వచ్చి, మా ఆయన అరచేతిలో పెట్టి వెళ్ళేది.

ఒకసారి ఆయనకే సిగ్గేసి, "అంత దూరం ఎందుకు ఆంటీ, అక్కణ్ణించే విసిరెయ్యండి, నేను పట్టుకుంటా" అన్నాడు.

"నేను విసరను" అంది ఆవిడ.

చెయ్యి నొప్పి కాబోలు పాపం అని ఆయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. నా ఉద్యోగం కారు విడిభాగాలు తయారుచేసే చోట క్వాలిటీ చూడటం. ఒకచోట తేడా కనిపిస్తే అది ఏమిటో తేలేదాకా నాకు అన్నం సయించదు. గమనించడం మొదలుపెట్టాను. పిచ్చుకలకి గింజలు చల్లదు, వంగి నేలమీద కుప్ప పెడుతుంది. కుక్కకి బిస్కెట్టు నోటిదాకా అందిస్తుంది. చెత్త సంచి డబ్బాలోకి దించుతుంది. కారు తాళాలు బల్లమీద పడెయ్యదు, చప్పుడు లేకుండా పెడుతుంది. బంతులు పట్టుకోవడానికే పుట్టినట్టున్న ఆ చేతులతో ఆవిడ ఈ లోకంలో ఏదీ విసరదు. ఎందుకో మాత్రం అంతుబట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ డ్రైవింగ్ లైసెన్స్ పోయింది. కళ్ళ టెస్టులో తప్పింది. అలాంటిదేదైనా జరిగితే ఇక్కడి పెద్దవాళ్ళు నెలల తరబడి గవర్నమెంటుని తిడతారు. ఈవిడ కారు అమ్మేసి, మర్నాడు మా తలుపు కొట్టింది.

"నువ్వు శనివారాలు అవతలికి వెళతావటగా, మీ దేశం సరుకులకి?"

వెళతానన్నాను.

"దారిలో నన్నొక చోట దింపాలి. నాలుగు గంటలకి మళ్ళీ ఎక్కించుకోవాలి. ప్రతి శనివారం."

అడగడంలో బతిమాలడం లేదు, దబాయింపూ లేదు. బస్సు టైము కనుక్కుంటున్నట్టు అడిగింది. సరేనన్నాను. అలా ఆవిడ నా పక్క సీటులోకి వచ్చింది. మొదటిసారి టన్నెల్ అవతల ఆఫీసరు ఎందుకు వెళుతున్నారని అడిగితే నేను సరుకులన్నాను. ఆవిడ "బేస్‌బాల్" అంది. అది జనవరి. బయట మంచు మోకాలిదాకా ఉంది.

"జనవరిలో బేస్‌బాలా మేడమ్?"

"మా ఆట ఇంకా అవలేదు" అంది ఆవిడ. అతను నవ్వి వదిలేశాడు. ఆవిడ నవ్వలేదు.

నేను దింపాల్సిన చోటు ఊరి చివర ఒక చిన్న ఇటుకల ఇల్లు. తలుపు తీసిన మనిషి పొట్టిగా, గుండ్రంగా ఉంది. ఈవిడ ఈడుదే. ఒక కన్ను నా మొహాన్ని వెతుక్కుంటోంది, రెండోది ఎటూ కదలడం లేదు. గాజుకన్నని అర్థమవడానికి నాకు కాస్త టైము పట్టింది. ఆవిడ పేరు ఇక్కడ అనవసరం, మా ఇంట్లో మేము డెట్రాయిట్ ఆవిడ అనేవాళ్ళం.

"ఎవరీ అమ్మాయి?"

"మా మేనకోడలు."

"నీకు మేనకోడలెక్కడిది?"

"ఇండియాది."

డెట్రాయిట్ ఆవిడ ఆ సంగతి అక్కడితో వదిలేసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "నా కన్ను తీసింది ఈవిడే. చెప్పిందా నీకు?" అంది.

నేను నవ్వాను. జోక్ అనుకున్నాను, బూత్‌లో ఆఫీసరుకీ నాకూ ఏం తేడా లేదు ఆ క్షణంలో. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు. మా పక్కింటావిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళి కెటిల్‌లో నీళ్ళు పడుతోంది.

ఆ మధ్యాహ్నం సరుకులకి వెళ్ళలేదు. డెట్రాయిట్ ఆవిడ బిస్కెట్ల డబ్బా మూత తీసి బల్లమీద పెట్టుకుని మొత్తం చెప్పింది. ఒకప్పుడు ఆడవాళ్ళకి జీతమిచ్చి, ఊరూరా తిప్పి, టిక్కెట్లు అమ్మి బేస్‌బాల్ ఆడించిన రోజులు కొన్ని ఉన్నాయట. పొట్టి స్కర్టులతో ఆడాలి. నేలమీద జారితే తొడలు చెక్కుకుపోయేవి. పెదాలకి రంగు లేకపోతే మేనేజరు జీతంలో కోసేవాడు. ఆవిడ ఒక టీములో బ్యాటర్, అంటే బంతిని కొట్టే మనిషి. మా పక్కింటావిడ ఇంకో టీములో పిచర్, బంతి వేసే మనిషి.

"పంతొమ్మిదేళ్ళ పిల్ల. దీని పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, కెనడా అనేవాళ్ళం. ఎలా వేసేదంటే, చేతిలో ఉన్నంతసేపూ బంతి కనపడేది కాదు. కనపడేసరికి నీ పక్కనుంచి వెళ్ళిపోయేది. ఆ ఎండాకాలం అంతా దీని బంతి నా బ్యాటుకి సరిగ్గా తగిలిన పాపాన పోలేదు. దాని గురించి పేపర్లలో రాశారు. మగపిచర్లు వచ్చి గట్టుమీద కూర్చుని చూసేవాళ్ళు."

వంటింట్లోంచి "టీలోకి పాలు అయిపోయాయి" అని వినబడింది.

"ఫ్రిజ్ వెనకాల చూడు" అని డెట్రాయిట్ ఆవిడ కేకేసి, డబ్బా మూత నా ముందుకి జరిపింది. "ఇది ప్లేటు అనుకో. బ్యాటర్ పక్కన నేలలో పాతిన తెల్ల పలక. బంతి దీనిమీదుగా పోవాలి. ఇటు, బ్యాటర్‌కి దూరంగా ఉన్న సగం బయటి సగం. అది బ్యాటర్ కొట్టుకోవడానికి. ఇటు, మన ఒంటికి దగ్గరగా ఉన్నది లోపలి సగం. అది పిచర్‌ది. ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు, ఆడేవాళ్ళందరికీ తెలుసు. బయటి బంతిని కొట్టాలని బ్యాటర్ ప్లేటు మీదకి వాలితే, పిచర్ ఒక బంతి లోపలికి, గడ్డం కింద వేస్తుంది. వెనక్కి జరుగు అని చెప్పడం. అది పగ కాదు, పని. అలా వెయ్యలేని పిచర్‌కి అన్నం పుట్టదు."

ప్లేటు మీదుగా పోయిన బంతిని బ్యాటర్ కొట్టలేకపోతే అది ఒక స్ట్రైకు. ఆ రోజు అప్పటికి రెండు స్ట్రైకులు అయ్యాయి. మూడోది పడితే ఔట్. డెట్రాయిట్ ఆవిడ ప్లేటు మీదకి వాలి నించుంది. పిచర్ లోపలికి వేసింది. అప్పట్లో హెల్మెట్లు లేవు.

"నేను ఆస్పత్రిలో ఉండగా ఇది మళ్ళీ గ్రౌండులో దిగింది. దింపారు. కానీ ఇక లోపలికి వెయ్యలేదమ్మాయ్. ఒక్కటంటే ఒక్కటి వెయ్యలేదు. పిచర్ లోపలికి వెయ్యదని తెలిస్తే చాలు, ప్రతివాళ్ళూ ప్లేటు మీదకెక్కి నించుంటారు. చితక్కొట్టారు. సీజన్ అవకముందే చేతిలో రైలు టిక్కెట్టు పెట్టి పంపించారు. ఒక ఎండాకాలం, రెండో ఎండాకాలంలో సగం. అంతే దీని ఆట. దానిలాంటి పిచర్ని నేను మళ్ళీ చూళ్ళేదు."

గొంతు తగ్గించింది. "నేను వాలాను, తప్పు నాది అని చెబుతూనే ఉన్నా. నమ్మదు. నా మీద జాలిపడి అలా అంటున్నా అనుకుంటుంది. నమ్మించడానికి ఒకటే దారి ఉంది. అది మళ్ళీ నాకు ఆ బంతి వెయ్యాలి. వారం వారం అడుగుతాను. మా ఇద్దరిలో ఒకరం పోయేలోపు అది జరగాలి. లేకపోతే నా కన్ను మోసుకుంటూనే పోతుంది అది."

మా పక్కింటావిడ టీ ట్రేతో వచ్చింది. డెట్రాయిట్ ఆవిడ నా ముందే అడిగింది, "ఏం కెనడా, ఈ వారం వేస్తావా?"

"బయట మంచుంది" అంది ఆవిడ, కప్పులు బల్లమీద పెడుతూ.

తిరుగుదారిలో టన్నెల్లో కార్లు ఆగిపోయాయి. నాకు ఊరుకోవడం చేతకాదు. చిన్నప్పుడు తెనాలిలో మా సందులో అన్నయ్యలతో బౌలింగ్ చేసిన దాన్ని, నాకు తెలిసిన ఆట న్యాయం చెప్పాను. మా క్రికెట్‌లో బౌన్సర్ తలకి తగిలితే బౌలర్ వెళ్ళి ఎలా ఉందని అడుగుతాడు, అవతలివాడు లేచి నించున్నాక తర్వాతి బంతి మళ్ళీ బౌన్సరే వేస్తాడు, అందులో తప్పేం లేదు ఆంటీ అన్నాను.

ఆవిడ ముందున్న కారు ఎర్రలైట్లు చూస్తూ కూర్చుంది. "ఆ తర్వాతి బంతి వేసేవాళ్ళు ఉంటారు. నేను ఆ మనిషిని కాను" అంది.

ఆలోచించినకొద్దీ నాకు ఆవిడంటే ఒకరకమైన భయభక్తులు పట్టుకున్నాయి. ఆట పోగొట్టుకుని ఇంటికి వచ్చి, ఆస్పత్రిలో ఉన్న అవతలి టీము మనిషిని ఒక శనివారం చూడటానికి వెళ్ళింది. తర్వాతి శనివారమూ వెళ్ళింది. పెళ్ళయ్యాక వెళ్ళింది, భర్త పోయాక వెళ్ళింది, ఎనభై ఏళ్ళు దాటాక వెళ్ళింది. బార్డర్ మూసేసిన కోవిడ్ రోజుల్లో ఫోన్ పెట్టుకుని బేస్‌బాల్ స్కోర్లన్నీ చదివి వినిపించింది, డెట్రాయిట్ ఆవిడకి ఉన్న ఒక్క కన్నూ అప్పటికే మసకబారడం మొదలైంది కాబట్టి. మనం ఒక మనిషి పట్ల తప్పు చేశామని తెలిస్తే వాళ్ళున్న వీధి మొహం కూడా చూడం. ఈవిడ జీవితంలో తనకంటూ ఒక్క శనివారం లేకుండా చేసుకుంది. నేనైతే చెయ్యలేను, నాకు తెలిసినవాళ్ళెవరూ చెయ్యలేరు.

ఇలా వారాలు గడిచాయి. వాళ్ళిద్దరూ స్కోర్ల మీద పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పటి పిచర్లు తొమ్మిదింటిలో ఆరు ఇన్నింగ్స్‌కే అలిసిపోతారని ఈవిడ తిట్టేది, ఇప్పటి బ్యాటర్లు మోచేతికి తొడుగులేసుకుని ప్లేటు మీద పడుకుంటారని ఆవిడ తిట్టేది. నేను తీసుకెళ్ళిన పులిహోర ఇద్దరూ స్పూన్లతో తినేవాళ్ళు. చివర్లో ఆ ప్రశ్న తప్పకుండా వచ్చేది. జవాబు మాత్రం వారానికొకటి. వాన. భుజం నొప్పి. కొత్త చెప్పులు. ఒకసారైతే, "మేనకోడలు తొందరపడుతోంది" అని నన్నే అడ్డం పెట్టింది. నేను తొందరపడట్లేదని పక్కనుంచి చెప్పినా లాభం లేకపోయింది.

కిందటి ఎండాకాలంలో డెట్రాయిట్ ఆవిడ ఇల్లు అమ్మేశారు. ఆవిడ సొంత మేనకోడలు అరిజోనాలో ఉంటుంది, తనతో తీసుకుపోతోంది. అది తప్పేది కాదు, ఆవిడకి అప్పటికి వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడటం లేదు. వెళ్ళే వారం మా పక్కింటావిడకి ఫోన్ చేసి, "ఇన్నాళ్ళూ నువ్వు వచ్చావు. ఈ శనివారం నేను వస్తాను" అంది.

నేనే వెళ్ళి తీసుకొచ్చాను. కెనడా వైపు బూత్‌లో అమ్మాయి ఎందుకు వస్తున్నారని అడిగితే డెట్రాయిట్ ఆవిడ గర్వంగా "బేస్‌బాల్" అంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో దుకాణంలో కొన్న కొత్త బేస్‌బాల్. అప్పుడు అర్థమైంది నాకు, ఇవాళ వానైనా ఎండైనా ఒకటేనని.

మా పక్కింట్లో భోజనాలయ్యాక డెట్రాయిట్ ఆవిడ ఆ కవరు మా పక్కింటావిడ ఒళ్ళో పెట్టింది. "ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు కెనడా" అంది.

ఆవిడ కవరు విప్పలేదు. పైనుంచే బంతిని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. వేళ్ళు కుట్టు దొరకబుచ్చుకున్నాయి, అక్కడ ఆగిపోయాయి.

"నీకు కనపడదు" అంది.

"కనపడాల్సిన పని లేదు."

"మళ్ళీ తగిలితే?"

"తగిలితే ఆ కన్ను ఎలాగూ గాజుదే" అంది డెట్రాయిట్ ఆవిడ.

మెత్తగా ఉంటుంది, మా ఆయన టెన్నిస్ బంతి తెస్తానని అన్నాను. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. ఆ చూపుతో నేను నోరు మూసుకున్నాను. కనపడని ఆవిడ చూపు కూడా అలాగే తగిలింది.

మా పక్కింటావిడ పెరట్లోకి వెళ్ళాం. మా ఆయనని పిలిచి, మా ఇంట్లో పాత పరుపు తెప్పించి కంచెకి ఆనించాం, బంతి ఆగడానికి. బ్యాటు కావాలంటే ఆయన మొహమాటంగా తన క్రికెట్ బ్యాట్ తెచ్చిచ్చాడు. డెట్రాయిట్ ఆవిడ దాన్ని తడిమి, "ఇదేం చెక్కరా బాబూ, దీంతో పిండి కలుపుతారా?" అంది. అయినా భుజానికెత్తింది. నేను ఒక టీ టవల్ మడిచి గడ్డిలో ప్లేటులా పరిచి, ఆవిడని పక్కన నిలబెట్టాను. ఆవిడ కాలితో టవల్ అంచు వెతుక్కుని, నడుం వంచి, దానిమీదకి వాలింది. పొట్టి మనిషి, తొంభై ఏళ్ళ మోకాళ్ళు, ఆ వాలడంలో ఉన్న పొగరు చూసి నాకు నవ్వొచ్చింది. నన్ను పరుపు పక్కన నించోమన్నారు, అంపైర్‌గా. ఈ పెద్దావిడకి దెబ్బ తగిలితే ఆంబులెన్సులో వాళ్ళకి ఏం చెప్పాలా అని నేను ఆలోచించుకుంటున్నాను.

మా పక్కింటావిడ గరాజ్ దాకా వెనక్కి నడిచింది. అంత దూరం వద్దని మా ఆయన అనబోతే చెయ్యెత్తి ఆపింది. బంతి కుడిచేతిలోకి తీసుకుని నించుంది. వేసేదాకా చాలాసేపు పట్టింది. చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, పక్కనుంచి తిప్పి వదిలింది. బంతి దారిలోనే పడి టమాటాల్లోకి దొర్లింది. నేను తెచ్చి చేతిలో పెట్టాను.

రెండోది ప్లేటు దాకా వచ్చింది. కానీ బయటికి, ఆవిడకి ఎంతో దూరంగా పోయింది.

"బయటికి వేశావు కదూ?" అంది డెట్రాయిట్ ఆవిడ, అటు తిరక్కుండానే. "అరిజోనా దాకా మోసుకుపొమ్మంటావా నన్ను దీన్ని? వెయ్యి."

నేను బంతి మళ్ళీ అందించాను. మా పక్కింటావిడ ఈసారి నన్ను చూడలేదు, మా ఆయన్ని చూడలేదు. ఆ కళ్ళు డెట్రాయిట్ ఆవిడ గడ్డం కింద ఒకచోట ఆగాయి. ముక్కుతో గాలి పీల్చి బిగబట్టింది. చెయ్యి కదలడం నాకు తెలియలేదు. తొంభై ఏళ్ళ చేతినుంచి ఆ బంతి ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. సూటిగా, గడ్డం వైపే వచ్చింది.

డెట్రాయిట్ ఆవిడ కాలు వెనక్కి వేసి తల వెనక్కి తీసుకుంది. బంతి ఆవిడ గడ్డం ముందునుంచి వెళ్ళి పరుపుకి కొట్టుకుని గడ్డిలో పడింది.

మా పక్కింటావిడ అప్పటికే వచ్చేస్తోంది, పడుతూ లేస్తూ. "తగిలిందా? ఎక్కడ తగిలింది?" అని రెండు చేతులతో ఆవిడ మొహం తడిమేస్తోంది.

"తగల్లేదు. నేను జరిగాను. చూశావా, జరిగాను."

"నీకు కనపడలేదు కదా."

"కనపడలేదు. వినపడింది. లోపలికి వేసేముందు నువ్వు ఊపిరి బిగబడతావు. బయటికి వేస్తే బిగబట్టవు. ఆ రోజు కూడా వినపడింది నాకు." ఆవిడ బ్యాటు నేలకి ఆనించింది. "వాలానని నీకు ఎన్నోసార్లు చెప్పాను. తెలిసి వాలానని చెప్పలేదు. లోపలికే వస్తోందని తెలుసు. పంతొమ్మిదేళ్ళ పిల్ల నన్ను జరుపుతుందా, చూద్దాం అనుకున్నాను. జరగడానికి టైముంది. జరగలేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం లేక నిన్ను ఇన్నేళ్ళు తిప్పాను."

నేను ఏడుస్తున్నాను. మా ఆయన కంచె వైపు తిరిగి నించున్నాడు. ఇప్పుడు వీళ్ళిద్దరూ కావలించుకుంటారు, ఏడుస్తారు, లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళివ్వాలి అనుకున్నాను. మా పక్కింటావిడ చేతులు ఆవిడ మొహం మీదనుంచి తీసేసింది.

"నేను ఊపిరి బిగబడతానా?"

"బిగబడతావు."

"మీ టీములో ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు."

"ఒక్కళ్ళూ చెప్పలేదే నాకు."

"చెబితే మమ్మల్ని ఔట్ చేస్తావుగా" అంది డెట్రాయిట్ ఆవిడ.

మా పక్కింటావిడ మొహంలో వచ్చిన మార్పు నేను ఎలా చెప్పాలో తెలియక ఇన్ని నెలలు ఇది రాయలేదు. కోపం వచ్చింది ఆవిడకి. పనిలో లోపం దొరికిపోయిన పనిమంతురాలి కోపం. జారిన ఆ కుడి భుజం కాస్త పైకి లేచింది. వంగి గడ్డిలోంచి బంతి తనే తీసుకుని, గరాజ్ దాకా చకచకా నడిచి, ఇటు తిరిగింది.

"బ్యాటెత్తు. నీకు రెండు స్ట్రైకులు అలాగే ఉన్నాయి" అంది.

డెట్రాయిట్ ఆవిడ నోరెళ్ళబెట్టింది. తర్వాత టవల్ అంచు కాలితో వెతుక్కుని, ఆ చెక్క భుజానికెత్తి మళ్ళీ వాలింది.

మా పక్కింటావిడ ఊపిరి బిగబట్టింది. మా ఇంటికి వినపడేంత గట్టిగా బిగబట్టింది. డెట్రాయిట్ ఆవిడ వెంటనే తల వెనక్కి తీసుకుని జరిగింది. బంతి లోపలికి రాలేదు. బయటి సగం మీదుగా, టవల్ మూలమీదుగా తీరుబడిగా వచ్చి, పరుపుని తాకి ఆగిపోయింది.

నా చూపుడువేలు దానంతట అదే పైకి లేచింది, మా సందులో క్రికెట్ అంపైర్ లేపినట్టు.

"గట్టిగా చెప్పు, దానికి కనపడదు" అంది పిచర్, గరాజ్ దగ్గర్నించి.

"ఔట్" అన్నాను.

డెట్రాయిట్ ఆవిడ బ్యాటు దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక, ఏడుపై, మళ్ళీ నవ్వై, నేను వెళ్ళి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. అంత మహానుభావురాలైన పిచర్ పక్కన ఇన్ని శనివారాలు కూర్చుని, ఆవిడ ఆడితే ఎలా ఉంటుందో ఆ రోజుదాకా నాకు తెలియలేదు.

ఆవిడ మాత్రం ఇటు రాలేదు. చేతులు నడుముకి తుడుచుకుని, నించున్న చోటే నించుని, నావైపు చెయ్యి చాపింది బంతి కోసం.

"తర్వాత ఎవరు?" అంది.

నేను బంతి తీసుకెళ్ళి ఇచ్చి, వెనక్కి వచ్చి బ్యాటు అందుకున్నాను.